మూడో ప్రభ

నా నోటుబుక్కులో ప్రతి పేజీకి తేదీ, వారం, తిథి ఉంటాయి. ఈ పేజీకి తిథి ఒక్కటి చెబితే చాలు: మాఘ బహుళ చతుర్దశి, శివరాత్రి. ఎడమవైపు గంటలు, నిమిషాలు. కుడివైపు జరిగింది. నాలుగు యాభై ఏడు దగ్గర నా చేత్తో నేనే రాసిన ఒక మాట ఉంది. దాన్ని కొట్టెయ్యమని ఇద్దరు అడిగారు. కొట్టెయ్యలేదు.

మాది కోటప్పకొండ కాదు. అక్కడికి వచ్చే జనంలో పదో వంతు కూడా మా కొండకు రారు. గురజాల వైపు పత్తి చేల మధ్య చిన్న కొండ. మెట్లు నాలుగు వందల పదహారు. శివరాత్రికి చుట్టుపక్కల ఐదు ఊళ్ళ నుంచి ఐదు ప్రభలు వస్తాయి. చక్రాల బండి మీద వెదురుతో గోపురంలా కట్టి, గుడ్డలు చుట్టి, ఇనప చట్రాలకు లైట్లు బిగించి నిలబెడతారు. నేను పుట్టిన ఊరి ప్రభ పసుపు రంగు, డెబ్బై రెండు అడుగులు. ముందు ట్రాక్టరు లాగుతుంది. పక్కకు ఒరగకుండా నాలుగు వైపులా మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. ముందు మోకు పట్టినవాడే పెద్ద. అతను ‘పద’ అంటే ట్రాక్టరు కదులుతుంది, ‘ఆగు’ అంటే ఆగుతుంది.

మా ఊరి ప్రభకు ముందు మోకు పట్టేది మా తమ్ముడు. నాకు డెబ్బై మూడు, వాడికి అరవై ఎనిమిది. మిరప చేలో మా మరదలిని పాము కరిచిన ఏడాది వాడు మొక్కుకున్నాడు. ఆమె బతికితే పదకొండు శివరాత్రులు ముందు మోకు పట్టి కొండ మొదటి మెట్టు దాకా నడుస్తానని. ఆమె బతికింది. ఇది పదకొండో శివరాత్రి.

మోకు పట్టినవాడికి ఒక నియమం ఉంది. దాయాదుల్లో ఎవరైనా పోయారని కబురొస్తే ఆ క్షణంలోనే మోకు మీద నుంచి చెయ్యి తీసెయ్యాలి. మైల మనిషి పట్టిన ప్రభ కొండెక్కదు. ఇంకొకరు మోకు అందుకోవాలి. పసుపునీళ్ళు చల్లేదాకా చక్రం కదలకూడదు. నా చిన్నతనంలో మా చిన్నతాత పోయిన కబురు దారిలో అందితే ప్రభ అరగంట సేపు నడిరోడ్డు మీద నిలబడింది. అప్పుడు నేను మా అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడే ఉన్నాను.

నేను నరసరావుపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. ట్రంకు కాల్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది అన్నది టికెట్టు మీద రాయడం మా పని. ఆ అలవాటు పోలేదు. అందుకే కొండ కింద సమాచార కేంద్రంలో తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెప్పడానికి గుడి కమిటీ వాళ్ళు నన్ను పిలిచారు. తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నాను. అదే షామియానా కింద పోలీసు వైర్‌లెస్ బల్ల ఒకటి, కరెంటు వాళ్ళ బల్ల ఒకటి ఉంటాయి. మైకులో చెప్పేవి లేనప్పుడు వైర్‌లెస్‌లో వచ్చే మాటలను టైముతో సహా నా బుక్కులో రాసుకునేదాన్ని. రెండో ఏడుకల్లా వాళ్ళు తమ బుక్కు మానేసి నా బుక్కే చూడటం మొదలుపెట్టారు.

వైర్‌లెస్ బల్ల దగ్గర కూర్చునే హెడ్ కానిస్టేబులు మా నరసరావుపేట వాడే. వాళ్ళ నాన్న స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసేవాడు. ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోను పాడైతే నేనే తీసుకెళ్ళి ఆయనకు ఇచ్చేదాన్ని. అందుకే ఈ అబ్బాయి నన్ను మేడమ్ అనడు, అమ్మా అంటాడు.

సెల్‌ఫోన్లు ఉండగా ఈ వైర్‌లెస్ సెట్లు ఎందుకని కమిటీలో చాలామందికి అనుమానం. శివరాత్రి మధ్యాహ్నం ఒక్కసారి మా కొండ దగ్గర నిలబడి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి, ఒక్కటీ కలవదు. అంతమంది ఒక్క టవరు మీద పడితే అది ఎవరికని పలుకుతుంది? వైర్‌లెస్ సెట్టుకు టవరుతో పనిలేదు. కానీ దానికీ ఒక లోటుంది. ఒకరు బటన్ నొక్కి మాట్లాడుతున్నంతసేపూ మిగిలిన అందరూ వినాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడలేరు.

ఇక తప్పు సంగతి. దాంట్లో మొదటి వాటా నాది.

వెనకటి రోజుల్లో వైర్‌లెస్‌లో ప్రభలను ఊరి పేర్లతో చెప్పేవారు. ఎవరి పేరు ముందు చెప్పారు, ఎవరిది వెనక చెప్పారు అని దాని మీద కూడా తగువులు. మా అయిదు ఊళ్ళలో ఒక ఊరికి మొదటి తాంబూలం హక్కు ఉంది. వాళ్ళ ఎర్ర ప్రభ కొండ కిందికి ముందు చేరినా వెనక చేరినా తాంబూలం వాళ్ళకే. అయినా తమ కళ్ళముందు ఇంకొక ప్రభ నడవడాన్ని వాళ్ళు ఓర్చుకోరు. రెండేళ్ళ కిందట నేనే సలహా చెప్పాను. కాలువ వంతెన దాటిన వరసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టండి, వైర్‌లెస్‌లో అంకెలే చెప్పండి అని. అంకెకు ఊరు లేదు, పంతం లేదు అనుకున్నాను. అందరికీ నచ్చింది. రంగు కూడా నా బుక్కులో రాసుకునేదాన్ని, కానీ అది నా కోసమే. పైకి చెప్పేది అంకె ఒక్కటే.

వంతెన నుంచి కొండ దాకా రోడ్డు మీద ప్రమాదమున్న చోటు ఒకటే: జిన్నింగ్ మిల్లు మలుపు. వంతెనకు కిలోమీటరున్నర, అక్కడి నుంచి మా షామియానాకు ఇంకో కిలోమీటరు. మలుపులో రోడ్డు పక్కనే కరెంటు తీగలు. అక్కడ తిరిగేటప్పుడు ప్రభ తీగల మీదికి ఒరుగుతుంది. కుడి మోకును గడ కర్రలతో ఎత్తి తీగల మీదుగా అవతలి చేలోకి వేసి, అక్కడి నుంచి లాగి పట్టాలి. అందుకని ప్రభలు ఊళ్ళ నుంచి బయల్దేరగానే ఆ లైనుకు సప్లై ఆపేస్తారు, అవి మలుపు దాటాకే మళ్ళీ ఇస్తారు. దాన్ని ఎల్సీ తీసుకోవడం అంటారు. మలుపులో నిలబడ్డ లైన్‌మన్, తన పక్కనున్న కానిస్టేబులు సెట్టులో ‘ప్రభలు దాటినయ్’ అని చెబితే, మా షామియానాలోని కరెంటు ఏఈ నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న సబ్‌స్టేషన్‌కు ‘ఛార్జ్ చెయ్యండి’ అని చెబుతాడు. సబ్‌స్టేషన్ గేటులో ఒక కానిస్టేబులు సెట్టు పట్టుకుని ఉంటాడు. మాట అతని గుండానే లోపలికి వెళ్ళాలి.

ఆ రోజు వంతెన దగ్గర నుంచి వచ్చిన కబుర్లు నా బుక్కులో ఇలా ఉన్నాయి. మొదటి ప్రభ మూడు పన్నెండుకు దాటింది. రెండోది మూడు ఇరవై అయిదుకు. మూడోది, మా ఊరిది, మూడు నలభై ఒకటికి. తాంబూలం ఊరి ట్రాక్టరు టైరు పేలింది, గంట పైనే పడుతుందన్నారు. ఐదోది ఇంకా ఊళ్ళోనే ఉంది.

కొండ మీద నీళ్ళ ట్యాంకు రెండున్నరకే ఖాళీ అయింది. సప్లై లేక మోటారు ఆడటం లేదు. క్యూలో ఇద్దరు ఆడవాళ్ళు స్పృహ తప్పారు. వైద్య శిబిరం నుంచి మూడుసార్లు మనిషి వచ్చాడు. ఏఈ నుదుటి మీద చెమట తుడుచుకుంటూ లెక్క చెప్పాడు.

“మూడు ప్రభలు మలుపు దాటగానే నలభై నిమిషాలు సప్లై ఇద్దాం మేడమ్. ట్యాంకు నిండుద్ది. మళ్ళీ ఎల్సీ తీసుకుని మిగిలిన రెండూ పంపిద్దాం.”

లెక్క బాగానే ఉంది. నేను కూడా సరేనన్నాను.

టైరు అనుకున్నదానికంటే త్వరగా మార్చారు. నాలుగు రెండుకు ఎర్ర ప్రభ వంతెన దాటింది. నాలుగోది అని రాశాను. మిల్లు మలుపును మొదటిది నాలుగు రెండుకు, రెండోది నాలుగు పదిహేనుకు దాటాయి. నాలుగు నలభై నాలుగుకు సెట్టులో లైన్‌మన్ గొంతు వినపడింది.

“మూడు దాటినయ్ సార్. ఒకటి, రెండు, మూడు. ఎల్సీ వాపసు.”

“కరెక్టేనా? మూడూ దాటినయ్యా?” అన్నాడు ఏఈ.

“నా కళ్ళతో లెక్కపెట్టా సార్. మూడు.”

“అయితే నువ్వు బండేసుకుని కొండ కాడికి రా, మోటారు స్టార్టరు నువ్వే వెయ్యాల.”

నాలుగు నలభై ఎనిమిదికి హెడ్ కానిస్టేబులు సబ్‌స్టేషన్‌కు కబురిచ్చాడు: సరిగ్గా ఐదు గంటలకు లైను ఛార్జ్ చెయ్యండి. అవతల నుంచి “ఐదింటికి, సరే” అని జవాబొచ్చింది. రెండూ రాశాను. ఏఈ ఆ రోజు మొదటిసారి కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు.

నాలుగు యాభైకి సెట్టులో డప్పులు మొదలయ్యాయి.

ఎవరో బటన్ నొక్కిపెట్టి వదల్లేదు. డప్పులు, ఈలలు, జనరేటరు రొద. హెడ్ కానిస్టేబులు రెండుసార్లు “ఎవరది, బటన్ వదలండి” అన్నాడు. నొక్కినవాడికి ఆ మాట వినపడదని అతనికీ తెలుసు. తిరునాళ్ళలో ఇది మామూలే. సెట్టు ఎక్కడో నలిగి ఉంటుంది, కాసేపటికి అదే వదులుతుందిలే అనుకున్నాం.

నాలుగు యాభై మూడుకు నేను తలెత్తి రోడ్డు వైపు చూశాను. జనం తలల పైన మూడో ప్రభ మా వైపు వస్తోంది. రంగు ఎరుపు.

బుక్కు చూశాను. మూడోది పసుపు. ఎరుపు నాలుగోది. మళ్ళీ రోడ్డు చూశాను. ఎరుపే. దాని వెనక ఏమీ లేదు. మలుపుకు అవతల వంతెన వైపు ఏమున్నా మిల్లు షెడ్లూ జామాయిల్ చెట్లూ అడ్డం, ఇక్కడికి కనపడదు.

“నాయనా, మూడు దాటినయ్ అన్న మాట నిజమే. దాటిన మూడోది మూడోది కాదు,” అన్నాను.

ఏఈ నీళ్ళ గ్లాసు పట్టుకునే నా వైపు చూశాడు. “అర్థం కాలా మేడమ్.”

“ఎర్ర ప్రభ దారిలో ముందుకొచ్చింది. మా ఊరి ప్రభను పక్కకు పెట్టించి ఉంటారు. అది ఇంకా మలుపు దాటలా.”

పక్కకు పెట్టే చోటు కూడా ఆ రోడ్డు మీద ఒకటే ఉంది, మిల్లు ముందు పత్తి బండ్లు ఆగే ఖాళీ స్థలం. మలుపుకు నూట ఎనభై మీటర్లు. నేను కొలిచిందే. ప్రభ నడక నిమిషానికి ముప్ఫై మీటర్లు. మొదటి ప్రభ యాభై నిమిషాల్లో కిలోమీటరున్నర వచ్చింది కాబట్టి ఆ లెక్క. అక్కడి నుంచి కదిలితే ఆరు నిమిషాల్లో తీగల కిందికి వస్తుంది. ఎప్పుడు కదిలిందో తెలియాలి.

హెడ్ కానిస్టేబులు అప్పటికే మైకు పట్టుకున్నాడు. “సబ్‌స్టేషన్, సబ్‌స్టేషన్, ఛార్జ్ చెయ్యొద్దు.” బటన్ వదలగానే మళ్ళీ డప్పులు. “నా సెట్టు పెద్దది అమ్మా. దాని మీదెక్కి మాట అక్కడ పడినా పడొచ్చు. పడిందో లేదో మాత్రం మనకు తెలవదు.” రెండో ఛానల్‌కు మార్చాడు. అక్కడ అంబులెన్సు తప్ప ఎవరూ లేరు, అది వంతెన అవతల ఉంది. మళ్ళీ మొదటి ఛానల్‌కు వచ్చి అదే మాట చెప్పడం మొదలుపెట్టాడు. ఏఈ ఫోను నొక్కుతున్నాడు. కలవటం లేదు. ఎవరినో మోటారు సైకిలు మీద పంపాడు. ఆ జనంలో నాలుగు కిలోమీటర్లు ఎంతసేపట్లో పోతాడో లెక్కవెయ్యక్కర్లేదు.

నేను సెట్టు దగ్గరికి చెవి పెట్టాను. ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు గరగరల వెనకున్న గొంతులను వినడమే నా బతుకు. డప్పుల వెనక ట్రాక్టరు. ట్రాక్టరు వెనక ఒక మనిషి.

“ఎడం మోకు బిగించండ్రా! వదలమాకండి! ఆళ్ళు పోయి తాంబూలం తినేలోపు మనం ఎనకాలే ఉండాల. పదండి!”

మా తమ్ముడు.

తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దారి ఇవ్వాలని ఎర్ర ప్రభ వాళ్ళూ, ఇచ్చేది లేదని మావాళ్ళూ తగువుపడితే మలుపులో ఉన్న కానిస్టేబులు సర్ది చెప్పడానికి వెనక్కి వెళ్ళాడు. లైన్‌మన్ ‘మూడు దాటినయ్’ అని చెప్పింది ఎర్ర ప్రభతో నడిచిన ఇంకో కానిస్టేబులు సెట్టులో, అతనూ ప్రభతోనే ముందుకు వెళ్ళిపోయాడు. అందుకే మలుపులో ఎవరూ లేరు. ఎర్ర ప్రభ పోయాక, మా ఊరి ప్రభను రోడ్డెక్కించడానికి మనుషులు చాలకపోతే తనూ ఒక మోకు భుజాన వేసుకున్నాడు. మోకుకూ ఛాతీకీ మధ్య సెట్టు నలిగింది. తగువు గోలలో ‘ఎల్సీ వాపసు’ అన్న మాట అతనికి వినపడలేదు, తీగల్లోకి ఇప్పట్లో కరెంటు రాదనే అనుకుంటున్నాడు.

అంటే మేం ఎవరిని ఆపాలో వాళ్ళ దగ్గరి సెట్టే మమ్మల్ని మాట్లాడనివ్వకుండా పట్టుకుంది. వాళ్ళ ప్రతి మాటా మాకు వినపడుతోంది. మా మాట ఒక్కటీ అటు పోదు.

నాలుగు యాభై అయిదు. ‘వదలమాకండి’ అన్నాడంటే ఇప్పటికే నడుస్తున్నారు. డప్పులు మొదలైనప్పుడే కదిలి ఉంటే అయిదు నిమిషాలైంది.

మైకు గుర్తొచ్చింది. వైర్‌లెస్ మైకు కాదు, నాది, తప్పిపోయిన పిల్లల మైకు. కొండ కింద నుంచి రోడ్డు పొడవునా స్తంభాలకు హారన్లు కట్టారు. జనరేటరు మీద నడుస్తాయి. పొద్దున లెక్కపెట్టాను, ముప్ఫై ఆరు. చివరిది మిల్లు గేటు మీద.

నేను స్విచ్చి వేసేలోపు హెడ్ కానిస్టేబులు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “కరెంటు అనమాకమ్మా. ఆ మాట వింటే జనం ఉరుకుతారు. మోకులు పట్టినోళ్ళు వదిలేస్తే ప్రభ జనం మీద పడుద్ది.”

నిజమే. మోకులు బిగిసే ఉండాలి, చక్రం మాత్రం ఆగాలి.

“పసుపు ప్రభ ముందు మోకు పట్టిన పెద్దకు,” అన్నాను మైకులో. “నేను మీ అక్కను మాట్లాడుతున్నా. ప్రభ అక్కడే ఆపు. మలుపు తిరగొద్దు. మోకులు వదలకుండా అక్కడే ఆగండి.”

ఒక క్షణం తర్వాత డప్పుల మధ్య సెట్టులో నా గొంతు నాకే సన్నగా వినపడింది. మిల్లు గేటు హారను పలికింది, కానిస్టేబులు ఛాతీ మీది సెట్టు దాన్ని పట్టుకుంది. మాట చేరింది.

ఆ వెంటనే తమ్ముడి నవ్వు.

“ఇన్నార్రా? మా అక్కకి ఇయ్యాల మైకు దొరికింది. ఆపమంటంది!”

“ఆళ్ళ కోసం ఒకసారి ఆపాం గదా మామా, ఇంకెన్నిసార్లు?” ఇంకెవరో.

“అదే నేననేది. పొద్దున్నుంచి అది ఆపండి, ఇది ఆపండి అనటమే మా అక్క పని. చిన్నప్పుడు గోలీలాట్లో కూడా ఇంతే. లాగండి! కుడి మోకోళ్ళు గడలెత్తండి, మలుపొచ్చింది!”

మళ్ళీ చెప్పాను. ఈసారి డప్పులు ఇంకా పెంచారు. ఏఈ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. “మేడమ్, మూడు నిమిషాలే ఉంది,” అన్నాడు. ఆ సంగతి నా ఎదురుగా గడియారంలో కనపడుతూనే ఉంది. హెడ్ కానిస్టేబులు తన బల్ల దగ్గర ఆగకుండా, జపంలాగా, సబ్‌స్టేషన్‌ను పిలుస్తూనే ఉన్నాడు.

నాలుగు యాభై ఏడు.

నేను టికెట్టు మీద లేని నిమిషం రాసి ఎరగను. కలవని కాల్ కలిసిందని రాసి ఎరగను. మైకు దగ్గరికి లాక్కున్నాను.

“తమ్ముడా. మన ఇంట్లో మైల వచ్చింది. మోకు మీద నుంచి చెయ్యి తియ్యి.”

నా గొంతు సెట్టులో తిరిగొచ్చింది. అది నాది కాదనిపించింది.

డప్పులు ఒక్కసారే ఆగలేదు. ముందున్నవి ఆగాయి, వెనకవి ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి ఆగాయి. ఎవరో “ఆపరా ట్రాక్టరు” అన్నారు. ఇంజను చప్పుడు తగ్గింది. మోకు అందుకున్న కొత్త మనిషి “పట్టా, పట్టా, వదులు మామా” అంటున్నాడు. తర్వాత మా తమ్ముడు, అరుపు కాదు, ఎదురుగా మనిషితో మాట్లాడినట్టు:

“ఎవరక్కా?”

హారను వైపు చూసి అడిగాడట. పక్కనున్నవాళ్ళు తర్వాత చెప్పారు.

“ఎవరు పోయారక్కా?”

నా చెయ్యి స్విచ్చి మీదే ఉంది. ఇంకొక మాట చెబితే కదులుతారు. చెప్పలేదు. మూడోసారి కూడా అడిగాడు. ఈసారి మరదలి పేరు పెట్టి అడిగాడు, ఆమెకేమన్నా అయిందా అని. చెప్పలేదు.

నాలుగు యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. సెట్టులో పసుపునీళ్ళు తెమ్మని ఎవరో కేకేస్తున్నారు. బిందె ఎక్కడో వెనక ఉందట. అది త్వరగా రాకూడదని దేవుణ్ణి అడిగాను. అలాంటి కోరిక నేను అంతకు ముందెప్పుడూ కోరలేదు.

సరిగ్గా ఐదు గంటలకు కొండ మెట్ల మీద లైట్లు వెలిగాయి. ఎండ ఇంకా ఉంది, అయినా వెలిగినట్టు తెలిసింది. మోటారు గుర్రుమంది. క్యూలో జనం ఓహో అని అరిచారు. హెడ్ కానిస్టేబులు పిలుపు సబ్‌స్టేషన్‌కు చేరనే లేదు.

సెట్టులో కూడా అరిచారు. “కరెంటొచ్చింది, కరెంటొచ్చింది!” మిల్లు గేటు లైటు వెలిగిందన్నమాట. ఆ అరుపు మధ్యలోనే తెగిపోయింది. తర్వాత ఒకే ఒక్క గొంతు, చాలా మెల్లగా: “ఒరేయ్. గడలు దించండి. మోకు దించండ్రా. తీగలో ఉండాది.”

మోకు దించే హడావిడిలో కానిస్టేబులు సెట్టు వదులైంది. ఛానల్ ఖాళీ అయింది. అంత నిశ్శబ్దం నేను ఏ లైన్లోనూ వినలేదు. ఐదు రెండుకు హెడ్ కానిస్టేబులు సబ్‌స్టేషన్‌తో మాట్లాడాడు. ఐదు మూడుకు సప్లై ఆగింది. అవి రాశాక వెనక్కి వచ్చి నాలుగు యాభై ఏడు ఎదురుగా ఖాళీ ఉంచిన గీత మీద రాశాను: ‘మైల వచ్చిందని మైకులో చెప్పాను. అబద్ధం.’

ఐదు నలభైకి తమ్ముడు వచ్చాడు. మిల్లు కుళాయి కింద మైల స్నానం చేసి, తడి పంచెతోనే కిలోమీటరు నడిచి వచ్చాడు. అప్పటికే వాడికి దారిలో ఎవరో తీగల సంగతి చెప్పారు. అయినా నా నోటి నుంచి వినాలని వచ్చాడు.

“ఎవరక్కా?”

“ఎవరూ పోలా.”

“ఎవరూ పోలా,” అన్నాడు వాడు కూడా. పిల్లల కోసం వేసిన బల్ల మీద కూర్చున్నాడు. చేతులు చూసుకున్నాడు. మోకు రాసుకుని అరచేతులు ఎర్రగా ఉన్నాయి. “అది పోయిందనుకున్నా. ఎక్కడ పడిపోయిందో, ఎవరెత్తారో అని అదంతా అనుకుంటా వచ్చా. స్నానం కూడా చేశా దానికి.”

మంచినీళ్ళ గ్లాసు వాడి ముందు పెట్టాను.

“పదకొండో ఏడు అక్కా. కిలోమీటరు ఉంది మెట్టుకు.”

“తెలుసు.”

“నీకు తెలవంది ఏముందిలే.” లేచి వెళ్ళిపోయాడు. ప్రభ వేరేవాళ్ళ చేతుల మీద ఏడింటికి కొండ కిందికి చేరింది. వాడు వెనక నడిచాడు, మోకు ముట్టుకోకుండా.

మర్నాడు ఉదయం నేను టేపు తీసుకుని మలుపుకు వెళ్ళాను. పసుపునీళ్ళ మరక రోడ్డు మీద ఇంకా ఉంది. అక్కడి నుంచి మొదటి స్తంభానికి పంతొమ్మిది అడుగులు. గడల మీది మోకుకు, తీగకు మధ్య ఎంత ఉండిందో కొలిచే మార్గం లేదు. అక్కడున్న ఒకతను రెండు చేతులూ చాచి చూపించాడు. దాన్ని రాయలేదు.

పోలీసు అధికారి నా బుక్కు తెప్పించుకుని కాపీ రాయించాడు. “అబద్ధం అని ఎందుకమ్మా, హెచ్చరిక ప్రకటన అని రాద్దాం,” అన్నాడు. గుడి కమిటీ పెద్ద కూడా అదే అన్నాడు, శివరాత్రి నాడు కొండ మైకులో అలాంటి మాట వచ్చిందని ఉండకూడదని. హెచ్చరిక నేను ముందు చేశాను, అది నాలుగు యాభై అయిదు దగ్గర ఉంది, వాళ్ళు ఆగలేదు. ఆపింది ఇంకొకటి. ఏది ఆపిందో అదే రాస్తాను అన్నాను.

కమిటీ మీటింగులో ఇంకొకటి కూడా చెప్పాను. వచ్చే ఏడు నుంచి వైర్‌లెస్‌లో అంకె వద్దు, రంగు చెప్పండి. మూడు దాటినయ్ అని కాదు, పసుపు దాటింది అని చెప్పాలి. మలుపులో ఉన్న కానిస్టేబులు తగువులు తీర్చడానికి పోకూడదు, మోకు అసలు ముట్టుకోకూడదు. “అంకెలు పెట్టమన్నది మీరే కదమ్మా?” అన్నాడొకాయన. అవును, నేనే, అది కూడా రాసి ఉంది అన్నాను.

తమ్ముడు ముప్ఫై రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మరదలు ఫోను చేసేది. వెనక వాడి దగ్గు వినపడేది, అంతే. ఉగాది నాడు పొద్దున్నే నరసరావుపేట బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు, గిన్నెలో పచ్చడి పట్టుకుని. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పూజారిని అడిగా. మధ్యలో చెయ్యి తీస్తే మొక్కు తీరినట్టు కాదంట. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలంట.”

“లోపలికి రా.”

“వచ్చే శివరాత్రి ఒకటి. రాసుకో నీ పుస్తకంలో.”

పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టి బుక్కు తీశాను. వాడు నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. వచ్చే ఏడాది నుంచి కింద కిందకి పదకొండు గీతలు గీశాను. చివరి గీత పక్కన లెక్క వేశాను: అప్పటికి వాడికి డెబ్బై తొమ్మిది, నాకు ఎనభై నాలుగు.

“చానా ఏళ్ళు ఉండాలే అక్కా నువ్వు,” అన్నాడు తమ్ముడు. “మైకు కాడ ఇంకోళ్ళు కూకుంటే నేను ఆపను.”